రెండో సంతకం

ఫ్రిజ్ గొడవ మొదలై అప్పటికి నాలుగు రోజులు. వంటింటి గుమ్మం వెడల్పు చూసుకోకుండా నోబీ కొనుక్కొచ్చిన ఆ పెద్ద ఫ్రిజ్, అట్టపెట్టె కూడా విప్పకుండా వరండాలోనే నిలబడి ఉంది. భోజనాల గదిలో పెట్టేద్దామని నోబీ. యేసు తిరుహృదయం పటం కింద చేపలు దాచే బీరువా పెడతావా అని తల్లి ఏలమ్మ. గుమ్మం కాస్త చెక్కించి లోపలికి తోసేద్దామని పెద్దకొడుకు కురియాచ్చన్ అంటే, మామగారు దగ్గరుండి చేయించిన పనసచెక్క గుమ్మం మీద ఉలి పడిందంటే ఫ్రిజ్ కంటే ముందు తనే చల్లబడిపోతానని ఆమె తేల్చేసింది.

కురియాచ్చన్ భార్య త్రేసియ ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టులో అరటిపండు పిసుక్కుంటూ గడియారం చూసింది. ఆరున్నర. ఆమెకూ, నోబీ భార్య ఆన్సీకీ ఏడున్నరకు డ్యూటీ. గుమ్మం జోలికి పోవద్దు, అది తిరిగిచ్చేసి చిన్నది తెచ్చుకోండి అని త్రేసియ అంది. నోబీ మొహం ముడుచుకుని భార్య వైపు తిరిగాడు.

"నీకోసమే కదా పెద్దది కొన్నాను. నువ్వన్నా చెప్పు."

ఆన్సీ టిఫిన్ డబ్బాల మూతలు బిగిస్తోంది. "చేచ్చి ఎలా అంటే అలాగే," అంది తలెత్తకుండా.

"ఈ పిల్లకి దేవుడు నోరు పుట్టు తినడానికే ఇచ్చాడు," అంది ఏలమ్మ. అందరూ నవ్వారు. ఆన్సీ కూడా నవ్వింది.

ఆన్సీ ఈ ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. తోడికోడలిని సొంత అక్కను పిలిచినట్టు చేచ్చి అని పిలుస్తుంది. ఇన్నాళ్ళలో ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు. మూవాట్టుపుళలో ఏ ఇంట చూసినా తోడికోడళ్ళు రెండు పొయ్యిలు పెట్టుకునే రోజుల్లో, మా ఇంట్లో ఒకే పొయ్యి అని త్రేసియ పదిమందిలో చెప్పుకునేది. ఆన్సీకి తమ ఆసుపత్రిలోనే ఉద్యోగం వచ్చినప్పుడు, నర్సింగ్ సూపరింటెండెంట్ సిస్టర్ క్లారిస్ దగ్గరికి వెళ్ళి తన ఐసీయూలోనే, తన డ్యూటీలోనే వేయమని అడిగింది త్రేసియే. ఒకే స్కూటర్ మీద వెళ్ళొచ్చు. పని కూడా దగ్గరుండి నేర్పొచ్చు.

బయలుదేరేటప్పుడు ఏలమ్మ గుమ్మందాకా వచ్చి, సోమవారానికి ఏ చీర కట్టుకుంటావని త్రేసియను అడిగింది. సోమవారం ఐసీయూ ఇన్‌చార్జి పోస్టుకు ఇంటర్వ్యూ. పందొమ్మిదేళ్ళుగా త్రేసియ ఎదురు చూస్తున్న కుర్చీ. పోటీ లేదనే అందరూ అంటున్నారు. ఇంకా గురువారమే కదా అమ్మచ్చీ అంటూ త్రేసియ స్కూటర్ తీసింది.

ఐసీయూలో పది మంచాలు. డ్యూటీ చేతులు మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ నిలబడి రోగిని తల నుంచి కాళ్ళ దాకా చూసుకోవాలి. చేతి పట్టీ మీద పేరు, నోట్లో గొట్టం ఎంత లోతులో ఉంది, వీపు కింద పుండు పడిందా, మానిటర్ ఏ అంకె దాటితే మోగుతుంది, ఆక్సిజన్ వస్తోందా, అన్నీ. మందుల గొట్టాలను చూసి ఊరుకుంటే కుదరదు. ఒంట్లో సూది దిగిన చోట వేలు పెట్టి, ఆ గొట్టం వెంటే మందు దాకా వేలితో పాకుతూ వెళ్ళాలి. త్రేసియ ఒక్క గొట్టాన్ని కూడా వదలదు. చేచ్చి వేలు పడని గొట్టం ఈ ఆసుపత్రిలో తోటకు నీళ్ళు పట్టే గొట్టం ఒక్కటేనని పిల్ల నర్సులు వెనక నవ్వుకుంటారు.

ప్రాణం తీయగల మందులకు ఇంకో కట్టుబాటు ఉంది, రెండు సంతకాలు. మొదటి నర్సు మందు కలిపి, పంపు మీద వేగం పెట్టి, నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. రెండో నర్సు తనంతట తాను డాక్టరు రాసింది, సిరంజి మీద అంటించింది, పంపు మీద కనబడేది చదివి పైకి చెప్పాలి. కాగితం మీద రూలు అది. పనిలో మాత్రం ఏళ్ళ తరబడి పెద్ద నర్సు చదవడం, చిన్న నర్సు సరే చేచ్చీ అని సంతకం పెట్టడం. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. త్రేసియకూ తోచలేదు.

నాలుగో మంచం మీద ఔసేప్పు ఉన్నాడు. అరవై దాటిన రబ్బరు కోతవాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం తగిలి ఎడమ చెయ్యి కాస్త బలహీనపడినా చెట్లు కోయడం మానలేదు. మూత్రం నుంచి విషం రక్తంలోకి ఎక్కి, బ్లడ్ ప్రెషర్ పడిపోయి మూడు రోజుల క్రితం వచ్చాడు. ప్రెషర్‌ను నిలబెడుతున్నది నార్ అడ్రినలిన్ అనే మందు. గంటకు పన్నెండు మిల్లీలీటర్ల చొప్పున పంపు లోపలికి తోస్తోంది. ఆ ఉదయం తెలివిలోకి వచ్చి, ఇక్కడ గంజి ఎవరు కాస్తారు, ఉప్పు అన్న మాట విన్నారా వాళ్ళు అని ఆన్సీని అడిగాడు.

పదకొండు గంటలకు డాక్టర్ హాఫిస్ వచ్చి చూశాడు. ఒంట్లో నీరు చేరుతోంది కాబట్టి అదే మందును రెండింతలు చిక్కగా కలిపి, వేగం సగం చేయమని రాశాడు. అంటే పన్నెండు కాస్తా ఆరు కావాలి.

త్రేసియ కొత్త సిరంజిలో మందు చిక్కగా కలిపింది. డబుల్ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. కొత్త పంపులో పెట్టి అంకె నొక్కబోతుండగా రెండో మంచం దగ్గర శ్వాస యంత్రం మోగింది. తల అటు తిప్పింది. అక్కడ ఇంకో నర్సు చేరుకోవడం చూసి ఇటు తిరిగింది. ఈలోగా వేళ్ళు తమ పని చేసేశాయి. పొద్దుటినుంచి పది సార్లు చూసిన అంకెనే నొక్కాయి.

ఆన్సీ చార్టు పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"ఔసేప్పు, నాలుగో మంచం. నార్ అడ్రినలిన్ డబుల్. పన్నెండు," అని త్రేసియ చదివింది.

ఆన్సీ ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం త్రేసియకు తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

"సరే చేచ్చీ," అని సంతకం పెట్టింది.

పాత పంపు ఆపేశారు. ప్రెషర్ పైఅంకె నూట ఎనిమిది. త్రేసియ చేతులు కడుక్కుని వచ్చేసరికి నూట ఇరవై ఆరు. మంచిదే, కోలుకుంటున్నాడు అనుకుంది. చార్టులో రాసేలోగా నూట యాభై అయింది.

మానిటర్ మోగడం మొదలుపెట్టింది. నొప్పి వల్లనేమో అని ఔసేప్పును పలకరించింది. తల పగిలిపోతోంది బిడ్డా, ఎవరో లోపల గొడ్డలి వేస్తున్నట్టుంది అన్నాడు. నుదుటి మీద నరం తాడులా లేచి ఉంది. నూట డెబ్భై ఎనిమిది. మణికట్టు సూదికి తగిలించిన ప్రెషర్ కొలిచే పరికరం జారిందేమోనని దాని ఎత్తు సరిచూసింది. సరిగ్గానే ఉంది. రెండు వందల నాలుగు. ఒకసారి నెత్తురు ఆగిపోయిన మెదడు అది. ఈసారి చిట్లిందంటే ఈ మంచం మీదనుంచి లేవడు.

డాక్టరును పిలవమని ఆన్సీకి చెప్పి, త్రేసియ మెడ దగ్గర సూది మీద వేలు పెట్టింది. వేలితో గొట్టం వెంట పాకింది. తెల్ల మూత, నీలం మూత, మలుపు, పంపు. సిరంజి మీద తన చేతి రాతే, డబుల్. పంపు మీద ఎర్రగా, పన్నెండు.

పంపు ఆపింది. మందు పూర్తిగా ఆపితే ప్రెషర్ మళ్ళీ పాతాళానికి పోతుంది కనుక మానిటర్ మీదనుంచి కళ్ళు తిప్పకుండా నిలబడింది. రెండు వందల పది దాకా పోయి అక్కడ ఊగింది. నూట తొంభై. నూట అరవై. నూట ముప్పై దగ్గర ఆరు నొక్కి మళ్ళీ మొదలుపెట్టింది. డాక్టర్ హాఫిస్ టార్చితో కంటి పాపలు చూశాడు. త్రేసియ తన రెండు చేతులూ ఔసేప్పు చేతుల్లో పెట్టి గట్టిగా పిసకమంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా పట్టింది. కుడిచేతి పట్టుకు ఆమె వేళ్ళు నొప్పెట్టాయి. అంత సంతోషంగా ఎప్పుడూ నొప్పి పుట్టలేదు.

ఎక్కించినప్పటినుంచి లెక్క చూస్తే మొత్తం పన్నెండు నిమిషాలు.

మధ్యాహ్నానికి ఔసేప్పు తలనొప్పి తగ్గింది. ప్రెషర్ కుదురుకుంది. డాక్టర్ హాఫిస్ త్రేసియను పక్కకు పిలిచి, భయపడొద్దు చేచ్చీ, మనిషి బాగానే ఉన్నాడు, పట్టుకున్నదీ మీరే కదా అన్నాడు. ప్రెషర్ కొంతసేపు పెరిగింది, మందు తగ్గించాం అని తన నోట్‌లో రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పొరపాటు ఫారం సంగతి మీ ఇష్టం, నేనైతే ఏమీ అడగను అని కూడా అన్నాడు. అతను మంచివాడు. సోమవారం సంగతి అతనికీ తెలుసు.

మందుల గదిలో ఆన్సీ ఖాళీ సిరంజి పెట్టెలను అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పేరుస్తోంది. త్రేసియ తలుపు దగ్గరగా వేసింది.

"నేను చదివినప్పుడు నువ్వు పంపు వైపు చూశావా లేదా? అది చెప్పు చాలు."

చూడలేదంటుందనుకుంది. అలా అంటే నాలుగు తిట్టి, ఇకమీదట చూడమని చెప్పి పంపించేయొచ్చు.

"చూశాను చేచ్చీ."

"పన్నెండు కనబడిందా?"

"కనబడింది. డాక్టర్ చీటీలో ఆరు అన్నదీ కనబడింది."

"మరి?"

ఆన్సీ పెట్టెల మీదనుంచి చెయ్యి తీసేసింది. "మీకు తెలిసే పెట్టుంటారనుకున్నా. డాక్టర్ నోటితో మార్చి చెప్పాడేమో అనుకున్నా. అడుగుదామని నోటిదాకా వచ్చింది. మిమ్మల్ని ఎలా అడుగుతాను?"

ఇంకో పిల్లకైతే ఎలా అడగాలో త్రేసియ నేర్పి ఉండేది. ఈ పిల్లకు ఎనిమిది నెలలుగా అడగకపోవడమే నేర్పారు. ఆ నేర్పినవాళ్ళలో తనే పెద్దది.

జరిగింది జరిగినట్టు రాసే ఫారం ఒకటుంది, పసుపుపచ్చది. త్రేసియ దాన్ని తీసుకుని భోజనం గదిలో కూర్చుంది. రోగి పేరు, మంచం, సమయం, మందు, పొరపాటు అన్నీ రాసింది. కింద ఇంకో గడి. రెండో తనిఖీలో పొరపాటు ఎందుకు పట్టుబడలేదు? అక్కడ కలం ఆగింది. ఆన్సీకి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, వచ్చే నెల చూస్తారు. చూసి కూడా చెప్పలేదని రాస్తే ఆ పిల్ల పని అయిపోయినట్టే. చూడలేదని రాస్తే అబద్ధం. ఏదీ రాయకుండా ఫారం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. వరండాలో సిస్టర్ క్లారిస్ ఎదురై, సోమవారం పది గంటలకు, మరిచిపోవు కదా అని భుజం తట్టి వెళ్ళింది. బయట బెంచీ మీద ఔసేప్పు భార్య మరియక్కుట్టి జపమాల పట్టుకుని లేచి నిలబడి, మీరు ఉన్నారనే ధైర్యంతో కూర్చున్నానమ్మా అంది. త్రేసియ ఆగకుండా నడిచింది.

స్కూటర్ మీద ఆన్సీ తన సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం బస్సు డిపో నుంచి వచ్చిన కురియాచ్చన్‌కు పెరట్లో బట్టలు తీస్తూ అంతా చెప్పింది. అతను తువ్వాలు భుజాన వేసుకుని విన్నాడు. మనిషి బతికే ఉన్నాడు కదా, చేతులు కాళ్ళు ఆడుతున్నాయి కదా అని రెండుసార్లు అడిగాడు. అయితే సోమవారం దాకా ఆగమన్నాడు. ఇప్పుడు ఇస్తే కుర్చీ పోతుంది, ఆన్సీ ఉద్యోగం పోతుంది, పెళ్ళాం ఉద్యోగం తీయించావని నోబీ జన్మంతా దెప్పుతాడు. ఇవ్వొద్దనడం లేదు, మంగళవారం ఇవ్వు. త్రేసియకు అది సబబుగానే అనిపించింది. నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది? అలా అనుకున్నాక కొంచెం ఊపిరి కూడా ఆడింది. నాలుగు రోజులంటే ఐసీయూలో నలభై, యాభై సంతకాలని ఆ తరువాత తట్టింది.

వంటింట్లో ఆన్సీ చేపల కూరలో పులుపుకు కుడంపులి నానబెట్టి బీన్స్ తరుగుతోంది. త్రేసియ బియ్యం కడగడానికి గిన్నె తీసింది.

"చేచ్చీ, నేనూ ఒక ఫారం తెచ్చుకున్నాను," అంది ఆన్సీ. "నా వంతు రాసేశాను. రేపు పొద్దున సిస్టర్‌కు ఇస్తాను."

త్రేసియ గిన్నె పట్టుకునే నిలబడింది. "నన్ను అడగలేదే."

"అడిగితే వద్దంటారు. వద్దంటే మళ్ళీ సరే అనేస్తాను."

"ఏం రాశావు?"

"చూశాను, చెప్పలేదు అని."

"నా పేరు?"

"మందు పెట్టింది మీరని రాయాలి కదా చేచ్చీ." కత్తి ఆపలేదు. కానీ బీన్స్ ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా పడుతున్నాయి.

త్రేసియకు కోపం ముంచుకొచ్చింది. నిన్నగాక మొన్న వచ్చి, నేను అడిగి వేయించుకున్న డ్యూటీలో నిలబడి, నా పందొమ్మిదేళ్ళ మీద నువ్వు కాగితం రాస్తావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గిన్నెను గట్టుమీద గట్టిగానే పెట్టింది. ఆన్సీ ఉలిక్కిపడింది కాని, రాయనులే అనలేదు.

అప్పుడు త్రేసియకు ఇంకో సంగతి తట్టింది. ఈ గొంతు పొద్దున పదకొండున్నరకు వచ్చి ఉంటే, చేచ్చీ అది ఆరు కదా అని నలుగురిలో అని ఉంటే, తనకు సరిగ్గా ఇంతే కోపం వచ్చి ఉండేది. పళ్ళు బిగించుకుని అంకె మార్చి ఉండేది. ఔసేప్పు గంజిలో ఉప్పు గురించి సణుగుతూ ఉండేవాడు. ఆ కోపానికి భయపడే ఈ పిల్ల సంతకం పెట్టింది.

బియ్యానికి సరిపడా నీళ్ళు పోసి పొయ్యి వెలిగించి, త్రేసియ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. సిస్టర్ క్లారిస్ మొదటి మాటకే విషయం పసిగట్టి, మధ్యలో అడ్డం రాకుండా వింది. రెండో సంతకం పెట్టిన ఆన్సీ ఎందుకు నోరు విప్పలేదో చెప్పేటప్పుడు త్రేసియకు అన్నింటికంటే కష్టమైంది. మా ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పకూడదు సిస్టర్, దాన్ని తీసుకొచ్చి నా పక్కనే నిలబెట్టుకున్నది నేనే, ఆ గడిలో అదే రాస్తాను అంది. ఇలా రాస్తే సోమవారం కమిటీ ఏమంటుందో తెలుసు కదా అని సిస్టర్ అడిగింది. తెలుసంది త్రేసియ. ఆ అమ్మాయి ఉద్యోగం గురించి నేను మాట ఇవ్వలేను, కానీ తనంతట తానే రాసిందన్నది చూస్తారు అంది సిస్టర్.

ఏడింటికి ప్రార్థన అయింది. ఏలమ్మ కీర్తన ఎప్పటిలాగే ఒక చరణం ఎక్కువ పాడింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు. సోమవారానికి లేత నీలం చీరే బాగుంటుంది, తెల్లది కడితే ముసలిదానిలా కనబడతావని ఏలమ్మ మొదలుపెట్టింది. నోబీ కూడా ఏదో హాస్యం ఆడబోయాడు. కురియాచ్చన్ మాత్రం భార్య మొహం చూసి, చారు గిన్నె కింద పెట్టేశాడు.

త్రేసియ అందరి కంచాల్లో చేపముక్కలు వేసి, తనూ కూర్చుని చెప్పింది.

"ఇవాళ ఒక రోగికి మందు రెండింతలు వెళ్ళింది. పెట్టింది నేను. మనిషి బతికాడు. సిస్టర్‌కు ఫోన్ చేసి చెప్పాను. రేపు పొద్దున నేనూ ఆన్సీ ఇద్దరం ఫారాలు ఇస్తాం. అందులో ఆన్సీ పేరు కూడా ఉంది నోబీ, అది తనే రాసుకుంది, నేను రాయించలేదు. విచారణ అయ్యేదాకా ఇన్‌చార్జి పోస్టుకు నా పేరు పక్కన పెట్టమన్నాను. సోమవారం ఇంకొకరు వెళ్తారు."

నోబీ భార్య వైపు చూశాడు. ఆన్సీ అతని వైపు చూసి తల ఊపింది. కురియాచ్చన్ చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

"ఇంకోటి," అంది త్రేసియ. "ఇక మేమిద్దరం ఒకే డ్యూటీలో ఉండం. ఆన్సీ పొద్దున డ్యూటీలోనే ఉంటుంది. మధ్యాహ్నం డ్యూటీ నేను అడిగి తీసుకున్నాను. నేను ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. రాత్రి వంట ఎవరు చేస్తారో మీరు నలుగురూ చూసుకోవాలి."

ఏలమ్మ చేపముల్లు తీసి కంచం అంచున పెట్టింది.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"ఎల్లుండి నుంచి, అమ్మచ్చీ."